అలక కాదు, సూది

మొయినాబాద్ నుంచి లోపలికి పోయే రోడ్డు మీద మా ఊరు. క్యారెట్, బీట్‌రూట్ వేస్తాం, ఓ మడిలో పూలు. అయితే చుట్టుపక్కల నాకు పేరొచ్చింది పంట వల్ల కాదు, తిండి వల్ల. ఏ దావత్‌కు పోయినా మొదటి బంతిలో నాకో కుర్చీ ఉంచేవారు. మూలుగు నిండిన నల్లి బొక్కలు వెతికి వెతికి నా ప్లేట్లోనే వేసేవారు. వాళ్లు నన్ను అడిగేవారు కాదు, నేను వద్దనేవాణ్ణి కాదు. షుగర్ వచ్చాక కూడా ఈ పద్ధతి మారలేదు. మాత్ర వేసుకుంటున్నాం కదా అన్న ధైర్యం.

మాత్రలు ఇక సరిపోవని గండిపేటలో మేం చూపించుకునే డాక్టరమ్మ తేల్చేసింది. ఆమెది కోస్తా వైపు, మాట మెత్తన.

"పాత మాత్రల్లో ఒకటి ఆపేసి, వారానికోసారి ఇంజెక్షన్ మొదలుపెడదామండి. చిన్న మోతాదే. కొన్నాళ్లు వికారంగా ఉండొచ్చు. కొంచెం కొంచెంగా తినండి. కడుపు నిండినట్టు అనిపించగానే ఆపేయండి."

"కడుపు నిండినట్టు ఎట్ల తెలుస్తది డాక్టరమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. నేను జోక్ చేశాననుకుంది. నిజంగానే తెలియక అడిగాను. బంతి లేచినప్పుడు లేవడమే నాకు తెలిసిన లెక్క.

సూది పెన్ను లాగా ఉంది. పొట్టకు ఆనించి నొక్కితే చీమ కుట్టినంత కూడా లేదు. మొదటిరోజు ఏమీ కాలేదు. "గిదేంది, గింతేనా?" అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. ఆమె వంకాయ కూర కలుపుతూ నా వైపు అనుమానంగా చూసింది.

మర్నాడు అదే వంటింట్లో పోపు చిటపటలాడింది. జీలకర్ర, ఎల్లిగడ్డ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ వాసనకు పరుగెత్తుకొచ్చేవాణ్ణి, ఆ రోజు వాకిట్లోకి పరుగెత్తాను. ఆ తర్వాత తేనుపులు మొదలయ్యాయి. ఒక్కో తేనుపూ ఉడికిన కోడిగుడ్డు వాసన.

మా ఆవిడ ముక్కు పట్టుకుంది. "చేవెళ్ల పోయినవ్ గదా. బస్టాండు కాడ ఆమ్లెట్ తిన్నవా?"

"ఒట్టు. గుడ్డు ముట్టలే."

"ముట్టకుంటే వాసనెట్ల వస్తది?"

ఇన్నేళ్ల కాపురంలో నేను దొంగతనంగా తిన్న రోజులన్నీ ఆమె నమ్మింది. తినని రోజు నమ్మలేదు.

ఇంతలో మా బామ్మర్ది కొడుకు ధోతి ఫంక్షన్ వచ్చింది. పిల్లగాడికి మొదటిసారి ధోతి కట్టించి నలుగురికీ భోజనం పెట్టే వేడుక. మా బామ్మర్ది రాజకీయాల్లో తిరిగే మనిషి, నలుగురితో ఆపేవాడు కాదు. అజీజ్‌నగర్‌లో ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకుని, పచ్చగడ్డి మీద షామియానాలు వేయించి, రెండు మండలాల జనాన్ని పిలిచాడు. నా కుర్చీ మొదటి బంతిలో సిద్ధంగా ఉంది. తనే గరిటె పట్టుకుని వచ్చి బగారా అన్నం మీద మటన్ వంపాడు.

రెండు ముద్దలు తిన్నాను. మూడోది గొంతు దగ్గర ఆగి, ముందుకా వెనక్కా అని ఆలోచిస్తోంది. వెనక్కే వచ్చేట్టుంది. బంతిలో అందరూ తింటూ ఉండగా నేను లేచి నిలబడ్డాను.

అన్నం మీది నుంచి లేవడం మా దగ్గర చిన్న విషయం కాదు. పక్కవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"బావా! ఏమైంది?" బామ్మర్ది గరిటెతోనే నా వెనక వచ్చాడు.

నోరు ఎక్కువ తెరిస్తే ప్రమాదం. "సూది..." అని మాత్రం అని, మూలనున్న చెట్ల వైపు నడిచాను.

నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆ ఒక్క మాట షామియానాలన్నీ చుట్టేసింది. మొదటి బంతిలో అది సూది. రెండో బంతికి చేరేసరికి, ఎవరో నన్ను సూదితో పొడిచినట్టు మాట అన్నారట. ఆడవాళ్ల వైపు పోయేసరికి ఆ మాట అన్నవాడు మా బామ్మర్దే అయ్యాడు. బామ్మర్ది భార్య కళ్లొత్తుకుంటూ వచ్చింది. "ఆయనకు నోటి దురుసు అన్నా, మనసుల పెట్టుకోకు."

"ఎవ్వరేమనలే చెల్లె, షుగర్ సూది పడ్తలేదు," అన్నాను.

"మీరు పెద్దమనుషులు, గిట్లనే అంటరు," అంటూ ఇంకా ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు కారు ఆగింది. బామ్మర్ది దిగాడు. చేతిలో పెద్ద టిఫిన్ క్యారియర్. వెంట ఊళ్లో పంచాయితీలు తెంపే పెద్దాయన. టిఫిన్ మూత తీయకముందే మటన్ వాసన నన్ను పలకరించింది. నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను. పెద్దాయన అది చూసి తల ఊపాడు.

"సూసినవా, ఎడం జరుగుతున్నడు. తమ్మీ, జర గుస్సా తగ్గించుకో. పిల్లగాడి శుభకార్యం. ఫ్లెక్సీల నీ ఫోటో చిన్నగ ఏసుడు తప్పే."

"ఏ ఫ్లెక్సీ?" అన్నాను.

"చౌరస్తాల పెట్టింది బావా," బామ్మర్ది తల దించుకున్నాడు. "నీది కింద మూలకు వడ్డది. ఫోటోలు ఎక్కువైనయ్. కావాలని జెయ్యలే."

ఆ ఫ్లెక్సీని నేను చూడనే లేదు. ఆ మాటా చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చూడలేదు అనేంత కోపమా అన్నట్టు.

ఇక లాభం లేదని మా ఆవిడ ఫ్రిజ్‌లో నుంచి పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇదుగో, ఇదీ సూది! దీనికి మీరే చెప్పుకోండ్రి!"

పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గింత సన్నదానికి మటన్ ఇడ్సినవా?" ఆయనకూ షుగరే. ఆ తర్వాత పంచాయితీ ఆయన మందుల మీదికి మళ్లింది. ఏ మాత్రకు కాళ్లు మంట పుట్టాయో, ఏ మాత్రకు పెళ్లి ఊరేగింపు మధ్యలో పరుగెత్తాల్సి వచ్చిందో వరసగా చెప్పాడు. చెబుతూ చెబుతూ టిఫిన్‌లో మటన్ ఆయనే తిన్నాడు.

అయినా బామ్మర్ది అనుమానం తీరలేదు. రెండు రోజులకు చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. అందులో పిల్లగాడు ఎడమ మూలన ఉన్నాడు, మధ్యలో మొత్తం నేనే. చూసినవాళ్లంతా ధోతి ఫంక్షన్ నాదే అనుకున్నారు. చేవెళ్ల మార్కెట్లో క్యారెట్ సంచులు దింపుతుంటే ఒకాయన నాకు శుభాకాంక్షలు కూడా చెప్పాడు.

నవ్వొచ్చేదంతా బయటే. ఇంట్లో నా పని బాగాలేదు. ఒక పొద్దున చాయ్ కూడా దిగలేదు. అరుగు మీద కూలబడి, సూది మానేస్తానని అన్నాను. మా ఆవిడ గ్లాసులో పల్చటి మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఇన్నేండ్లు తినకు తినకు అని నోరు నొచ్చింది. ఇయ్యాల తినుమని బతిలాడుతున్న. ఒక్క గుక్క తాగు."

ఆమె గొంతులో భయం వినిపించింది. తాగాను. ఆమే నన్ను గండిపేటకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ అంతా విని, ఫ్లెక్సీ దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మోతాదు ఇప్పుడే పెంచొద్దు. ఇదే ఇంకొన్నాళ్లు నడుపుదాం. నూనె, మసాలా తగ్గించండి. తినగానే పడుకోవద్దు. నీళ్లు గుక్కగుక్కగా తాగుతూ ఉండండి. ఏదీ నిలవకుండా వాంతులైతే మాత్రం వెంటనే రండి. మీ అంతట మీరు మానేయకండి."

మా ఆవిడ చిన్న పళ్లెం ఒకటి తీసింది. అందులో మూడు ముద్దల అన్నం, ఆకుకూర పప్పు. మొదట్లో ఆ పళ్లెం చూస్తే అవమానంగా ఉండేది. మెల్లగా నమిలి తింటుంటే ఒకరోజు, సగంలోనే, లోపల ఎవరో తలుపు మూసినట్టు చాలనిపించింది. డాక్టరమ్మ చెప్పింది ఇదే కాబోలు. మా ఆవిడను పిలిచి చెప్పాను. "పెద్ద ముచ్చటే," అంది, కానీ నవ్వింది. వికారం క్రమంగా తగ్గింది. తేనుపులు పోయాయి. షుగర్ కూడా దిగొచ్చింది.

ఆ మధ్య చేవెళ్లలో ఒక పెళ్లి దావత్‌కు పోయాం. కొంచెం అన్నం, రెండు ముక్కలు. బంతి లేచేదాకా ప్లేట్లో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ బంతిలో ఎవరేం మాట్లాడుకుంటారో నేను విన్నది లేదు, నోరు ఖాళీ ఉంటే కదా. పక్కన బామ్మర్ది కూర్చున్నాడు. చాలాసేపు అన్నం కెలికి, నా వైపు వంగాడు.

"బావా, నాకు గూడ షుగర్ అంటున్నరు. ఇంట్ల ఇంక చెప్పలే."

అంత ధైర్యంగా మైకు పట్టుకునే మనిషి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"ఫికర్ జెయ్యకు. ముందు చెల్లెకు చెప్పు. రేపు పొద్దున ఏం తినకుండ రా, డాక్టరమ్మ కాడికి నేను తోల్కపోత."

"సూది ఇస్తదా?"

"ఇస్తదో లేదో ఆమె ఇష్టం. ఇచ్చిందనుకో, ఫంక్షన్ల మాత్రం సూది అనకు. షుగర్ మందు అని మొత్తం చెప్పు."