మామాల ఎదుట చెప్పిన మాట

రుమైథియాలో నేను పనిమనిషిగా ఉన్న అరబ్బుల ఇంట్లో మామా కూతురు ఒక ఫెరెట్‌ను పెంచేది. మామా అంటే ఇంటి యజమానురాలు, అక్కడ మేమంతా అలాగే పిలుస్తాం. ముంగిస మాదిరి పొడుగ్గా, మెత్తటి బొచ్చుతో ఉండేది. ఆ పిల్ల పెళ్లయి వెళ్లిపోయాక అది దాని కంపుతో సహా నా నెత్తిన పడింది. మొదట్లో చూస్తేనే ఒళ్లు మండేది. తర్వాత అది నా మంచం కిందే పడుకోవడం మొదలుపెట్టింది, ఇంక ఏమనను?

నీళ్లు ఎక్కువ తాగుతోందని ముందు కనిపెట్టింది నేనే. కింద పరిచిన కాగితాలు రెండు పూటలా తడిసి ముద్దయ్యేవి. పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేసి, కిడ్నీలు దెబ్బతినడం ఇప్పుడిప్పుడే మొదలై ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేను, నెల తర్వాత మళ్లీ చూద్దాం అన్నాడు. అందాకా గిన్నెలో నీళ్లు తరగకూడదు, తిండిలో నీళ్లు కలపాలి, వారానికోసారి తూకం చూడాలి. పిండి తూచే కాటా మీద తువ్వాలు పరిచి తూచేదాన్ని.

నెల తిరగకముందే మామా దాన్ని బంధువులావిడకు ఇచ్చేస్తానంది. జబ్బు సంగతి ఎత్తొద్దని నాకు ముందే చెప్పింది. "ఖలాస్, నోరు మూసుకో" అంది. నిన్నటిదాకా 'దాని తల్లివి నువ్వే' అని నవ్విన మనిషి.

బంధువులావిడ వెంట వాళ్లింటి పనిమనిషి వచ్చింది, గోదావరి పిల్ల. మామాలిద్దరూ టీ తాగుతుంటే, వాళ్ల ఎదుటే, నవ్వుమొహం పెట్టుకుని ఆ గోదావరి పిల్లకు తెలుగులో చెప్పాను. ఆ ఇళ్లలో మేమంతా చేసే పనే అది. తెలుగు మాకు తలుపేసుకున్న గది.

"దీని కిడ్నీలు చెడిపోతాండాయేమో, చూడుమే. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ నిండుగా పెట్టు. నేను చెప్పినానని ఎవరికీ చెప్పాకు."

"అలాగేనక్కా" అంది. వెంటనే వాళ్ల మామా వైపు తిరిగి, నన్ను చూపిస్తూ, అంతా అరబ్బీలో అప్పజెప్పింది. తర్వాత నాతో మెల్లిగా, "ఏమనుకోకక్కా. రేపిది చచ్చిపోతే నన్నే అంటారు కదా" అంది.

అందులో తప్పేమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నమ్మించి గొంతు కోసిందనుకున్నాను. చెంప పగలగొట్టాలనిపించింది. బంధువులావిడ ఉత్త చేతులతో వెళ్లిపోయింది. ఫెరెట్ నా దగ్గరే ఉండిపోయిందని లోలోపల సంతోషించాను కూడా.

శుక్రవారం మామా దాన్ని బోనులో పెట్టించి, అమ్మేయడానికి తనే జంతువుల సంతకు తీసుకెళ్లింది. నన్ను మాత్రం వెంట రానివ్వలేదు.