రేవు తెరిచిన రోజు

కొన్నేళ్ళుగా ఒక సంగతి మోస్తున్నాను. పొద్దున లేవగానే అది నాకంటే ముందే లేచి కూర్చుని ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా వాళ్ళ మొహంలోకి చూస్తాను. వీళ్ళకి ముందే తెలుసేమో, నా నోటితో నేనే చెబుతానేమోనని ఎదురుచూస్తున్నారేమో అనిపిస్తుంది. వేరే మాట ఎత్తేస్తాను.

మాది తెనాలి. రేపల్లె దాటాక, కృష్ణ సముద్రంలో కలవబోయే చోట ఒక లంకలో మావారికి పిత్రార్జితంగా వచ్చిన కొబ్బరితోట ఉంది. లంక పేరు రాయను. పడవ తప్ప వేరే దారి లేని ఊరు అది. మావారు ఉద్యోగ విరమణ చేశాక ఆ తోటలో కొన్ని గదులు కట్టించారు. శని, ఆదివారాల్లో పట్నం జనం వచ్చి ఉండేవాళ్ళు. పడవ షికారు, అరిటాకులో చేపల పులుసు, సాయంత్రం ఇసుకలో నడక, అంతే. మావారికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి వచ్చేపోయే పనంతా నాదే. వంటకి ఆ ఊరి సామ్రాజ్యాన్ని పెట్టుకున్నాం. మనుషుల్ని తీసుకొచ్చి దింపే పడవ ఏడుకొండలుది.

కరోనా వచ్చినప్పుడు లంకవాళ్ళు ఎవరూ చెప్పకుండానే రేవుకి అడ్డంగా వెదుళ్ళు కట్టేశారు. బయటివాణ్ణి రానివ్వలేదు, లోపలివాణ్ణి పోనివ్వలేదు. ఉప్పూ పప్పూ పడవలో వస్తే ఒడ్డున దింపించుకుని, పడవ వెళ్ళిపోయాకే తీసుకునేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అల్లాడుతుంటే ఆ లంకలో ఒక్కరికి కూడా జ్వరం రాలేదు. అది వాళ్ళకి గర్వంగా ఉండేది. ఆ గర్వం నాకు చిరాకుగా ఉండేది. గదులు పాడుబడుతున్నాయని, తోటలో గడ్డి నడుముదాకా పెరిగిందని సామ్రాజ్యం ఫోన్లో చెప్పేది. నా కళ్ళకి కనిపించింది అదే.

తర్వాత పర్యాటకులు తిరగవచ్చని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. నేను పడవలో వెళ్ళి, వెదుళ్ళ ఇవతల నుంచే లంక పెద్దల్ని బతిమాలాను. వాళ్ళు ఒప్పుకోలేదు. మళ్ళీ వెళ్ళాను. చివరికి వాళ్ళలో పెద్దాయన ఒకటే అడిగాడు.

"పూచీ ఎవరుంటారమ్మా?"

"నేనుంటానండి" అన్నాను.

పడవ ఎక్కబోయే ప్రతి మనిషికీ నుదుటి దగ్గర యంత్రం పెట్టి జ్వరం చూడాలి. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళని వెనక్కి పంపాలి. ఆ పని నేనే చెయ్యాలి. నా మాట మీద వెదుళ్ళు తీశారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. రేవు తెరవడానికి కొంతకాలం ముందు ఏడుకొండలు నాకు ఫోన్ చేశాడు. బాపట్లలో ఉన్న కూతురు ప్రసవించింది, కాన్పు కష్టమైంది, చూసి వస్తానన్నాడు. వెళ్ళొస్తే లంకవాళ్ళు రానిస్తారో లేదోనని భయపడ్డాడు. వెళ్ళమన్నాను. పడవ బాగుచేయించడానికి రేపల్లెలో ఉంటానని ఊళ్ళో చెప్పమన్నాను, బాపట్ల సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. తెలిస్తే రేవు తెరవడం మళ్ళీ వాయిదా పడుతుందని నా భయం. అతను వెళ్ళొచ్చి, ఒంట్లో ఏమీ లేదని రూఢి చేసుకునేదాకా రేపల్లెలోనే పడవలో వండుకు తిని, ఆ తర్వాతే లంకలో అడుగుపెట్టాడు. అంత జాగ్రత్తగా ఉండమని నేను చెప్పలేదు. తనంతట తనే ఉన్నాడు.

తెరిచే రోజు పొద్దున, తెనాలిలో, కాఫీ కలిపి గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. పొడి డబ్బా తెరిచి ముక్కు పెట్టాను. లేదు. ముందురోజు నుంచే ఒళ్ళు నొప్పులుగా ఉంటే గదులకి సరుకులు కొనడానికి తిరిగిన అలసట అనుకుని మాత్ర వేసుకున్నాను. నిజంగా అలసటే అనుకున్నానా? అలా అనుకోవాలని అనుకున్నానా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకి నాకు నేను సరైన జవాబు చెప్పుకోలేదు. వాసన పోవడం అంటే ఏమిటో అప్పటికి పసిపిల్లలకి కూడా తెలుసు. నేను ఇంకో మాత్ర వేసుకుని కారెక్కాను.

రేవులో అందరికీ యంత్రం పెట్టి చూశాను. ఏడుకొండలికీ పెట్టాను. ఏమీ లేదు. తర్వాత, అందరూ చూస్తుండగా, నా నుదుటి దగ్గరా పెట్టుకుని చూపించాను. అందులో జ్వరం కనిపించలేదు. మాత్ర వేసుకున్నాక ఎందుకు కనిపిస్తుంది? నన్ను ఎవరూ అడగలేదు. అయినా చూపించాను. నేను చేసిన మొదటి అబద్ధం అదేననుకుంటాను, అందులో ఒక్క మాట కూడా లేదు.

ఆ మధ్యాహ్నం వంటపాకలో సామ్రాజ్యం పులుసు పొయ్యి మీద పెట్టి, కాస్త చూస్తుండమని చెప్పి ఆకులు కోసుకురావడానికి వెళ్ళింది. నేను పొయ్యి పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాను. ఆమె వాకిట్లోకి వస్తూనే పరుగెత్తుకొచ్చి గిన్నె దింపింది. పులుసు అడుగంటి నల్లబడిపోయింది.

"అక్కా, మాడు వాసన రావట్లా మీకు?" అంది.

"జలుబు చేసినట్టుంది" అన్నాను.

ఆమె నన్ను చూసింది. ఆ చూపు నాకిప్పటికీ అర్థం కాలేదు. భయమా? అనుమానమా? జాలా? "మాస్కు ముక్కు మీదికి లాక్కోండక్కా" అని, గిన్నె తోముకుని మళ్ళీ వంట మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. నా మీద నమ్మకమో, పని పోతుందనో. బహుశా రెండూ. ఆ పాకలో గాలి ఆడదు. పొగకి నేను దగ్గుతూనే ఉన్నాను. అది పొగ వల్లేనని ఆమెకి చెప్పాను కూడా.

ఇంటికి వచ్చాక జ్వరం పూర్తిగా బయటపడింది. మావారికీ వచ్చింది. పరీక్ష చేయించుకోలేదు. చేయించుకుంటే తెలుస్తుంది, తెలిస్తే చెప్పాలి. మామూలు జ్వరమేనని తలుపులేసుకుని పడుకున్నాం.

కొన్నాళ్ళకి లంకలో సామ్రాజ్యానికి జ్వరం మొదలైంది. తర్వాత పక్కింట్లో, ఆ వెనక ఇంట్లో. రేవు మళ్ళీ మూసేశారు. ఊరంతా ఒకరి దగ్గు ఇంకొకరు లెక్కపెట్టుకునే పరిస్థితి వచ్చింది. పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. వచ్చిన అతిథుల గురించి అడిగాడు. అందరూ బాగానే ఉన్నారని చెప్పాను, అది నిజమే. "మరెవరి వల్ల వచ్చిందంటారమ్మా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కానీ ఆ ప్రశ్న నా వైపు తిరుగుతోందని అనిపించింది. అతను నన్నే అనుమానించాడో, నా భయమే అలా వినిపించిందో తెలియదు.

"ఏడుకొండలు బాపట్ల వెళ్ళొచ్చాడు కదండీ" అన్నాను.

నాకు తప్ప ఎవరికీ తెలియని సంగతి అది. నేనే దాచమన్న సంగతి. ఎప్పుడు వెళ్ళాడో, వచ్చాక ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చెప్పలేదు.

సామ్రాజ్యానికి ఆయాసం ఎక్కువైతే ఎవరూ దగ్గరికి పోలేదు. ఏడుకొండలే ఆమెని చేతుల మీద ఎత్తుకుని పడవలో రేపల్లె చేర్చాడు. అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె తిరిగి రాలేదు. తను అంటించి తనే మోసుకెళ్ళాడని ఊళ్ళో అన్నారు.

ఇప్పుడు రాయబోయేది అన్నిటికంటే కష్టం. ఆమె పోయిందన్న కబురు విని నేను ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. కానీ ఆ ఏడుపుకి ముందు ఒక్క క్షణం నా గుండె తేలికపడింది. మాడిన పులుసు సంగతి ఇక ఎవరూ చెప్పరని.

ఆ తర్వాత ఏడుకొండలు తెనాలి వచ్చాడు. గేటు లోపలికి రాలేదు. ఎండలో రోడ్డు మీదే నిలబడి మాట్లాడాడు.

"అమ్మా, రేవులో మీరు నన్ను చూశారు గదా. నాకేం లేదని పెద్దలకి ఒక్కమాట చెప్పండి. నన్ను బోరింగు కాడికి కూడా రానివ్వట్లేదు."

"ఆ రోజు లేదు ఏడుకొండలూ. లోపల ఉందో లేదో నాకేం తెలుసు? కొందరికి పైకి కనపడదట."

"నేనొచ్చి చాలా కాలమైందమ్మా. మీకు చెప్పే ఎల్లాను."

"ఎంత కాలమైనా ఉంటుందంటున్నారు."

అలా ఎవరూ అనలేదు. నేనే అన్నాను. అతను కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "అయితే నేనేనంటారా అమ్మా?" అన్నాడు.

నేను కాదని అనలేదు. అతను తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

పడవ అమ్మేసి కూతురి దగ్గరికి, బాపట్ల వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. లంకలో గదులు మళ్ళీ తెరుచుకున్నాయి. వేరేవాళ్ళకి అప్పగించాం. నేను వెళ్ళడం మానేశాను. మావారికి తెలుసో లేదో తెలియదు. ఒకసారి ఏదో మాటల్లో, "అప్పుడు నీకు వాసన తెలిసేది కాదు కదా" అన్నారు. తలెత్తి చూస్తే పేపరు చదువుకుంటున్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? ఆ రోజు నుంచి ఆయన మౌనంగా ఉన్నప్పుడల్లా, దేని గురించి ఆలోచిస్తున్నారోనని గమనిస్తూ బతుకుతున్నాను.

ఈ మధ్య బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. మండపానికి ఎదురుగా టిఫిన్ బండి దగ్గర ఒకావిడ నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఏడుకొండలు కూతురు. ఎప్పుడో లంకలో చూశాను. పక్కన బడి బట్టల్లో ఒక పాప. నాన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"ఉన్నాడండి. పాపని పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఎత్తుకోవడమేనండి, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. నా చేతులు మంచివి కావు అంటాడు. సామ్రాజ్యం పిన్నిని తనే చంపానని."

బండి వెనక స్టూలు మీద ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి తలెత్తాడు. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను చూసి లేచాడు, కానీ దగ్గరికి రాలేదు. ఊరంతా మాస్కులు మర్చిపోయిన కాలంలో అతను ఇంకా మనుషులకి దూరంగా నిలబడుతున్నాడు. అక్కణ్ణుంచే చేతులు జోడించాడు.

"మీరు పూచీ ఉండి తెరిపించారమ్మా. నా వల్ల మీకు మాటొచ్చింది. ఎప్పుడన్నా కనిపిస్తే అడుగుదామనుకున్నా. నన్ను క్షమించండి."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఎదురుగా అతను ఉన్నాడు, కూతురు ఉంది, పాప ఉంది. ఒక్క మాట చాలు. నేను ఏమన్నానో తెలుసా?

"పోనీలే ఏడుకొండలూ. జరిగిపోయిందిగా" అన్నాను.

అతను కళ్ళు తుడుచుకున్నాడు. నేను అతణ్ణి క్షమించాను. ఆ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. క్షమించి, పెళ్ళి భోజనం చేసి, తెనాలి వచ్చేశాను.

మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు. ఓదార్చనూ వద్దు. ఇది చదివిన వాళ్ళలో బాపట్ల వాళ్ళెవరైనా ఉండి, అతనికి చదివి వినిపిస్తారేమోనన్న ఆశ ఉంది. వినిపిస్తారేమోనన్న భయమూ ఉంది. పేరు పెట్టకుండా రాయడంలోనే నా పిరికితనం మీకు తెలుస్తూనే ఉంటుంది. ఏడుకొండలన్నది కూడా అతని అసలు పేరు కాదు. కానీ ఈ వివరాలు చాలు, అతను తనని తాను గుర్తుపట్టగలడు.

జబ్బు లంకలోకి తెచ్చింది నువ్వు కాదు ఏడుకొండలూ. నేను.