పెద్దసారు తాగిన గ్లాసు

శుద్ధి చేసిన మురుగునీటితో పార్కు తడిపే తోటమాలికి తన చేతులంటేనే భయం. రోజంతా గ్లౌజులు వేసుకున్నా, గొట్టం చుట్టేశాక మోచేతులదాకా మూడుసార్లు సబ్బు రుద్దుతాడు. ముక్కు దురదపెడితే భుజానికి రాసుకుంటాడు. ఒకరోజు పెద్దసారు పదిమందిని వెంటేసుకొచ్చి, ఈ నీళ్లెంత శుభ్రమో తాగి చూపిస్తానని, గొట్టంలోంచి గ్లాసుడు పట్టుకు రమ్మన్నాడు. తోటమాలికి మనసొప్పలేదు. చెట్టు చాటుకెళ్లి, ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలోంచి పోసి ఇచ్చాడు. పెద్దసారు గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. “అమృతమయ్యా! ఇంత మంచి నీళ్లకి గ్లౌజులెందుకు, దండగ? రేపట్నుంచి ఆపేయండి.”

ఇప్పుడు తోటమాలి వేళ్ల సందుల్లో దద్దుర్లు లేచాయి. అయినా పొద్దున్నే రెండు సీసాలు నింపుకుంటాడు.

“రెండోది ఎవరికి?” అని భార్య అడిగింది.

“పెద్దసారుకి. మళ్లీ వస్తే ఏం తాగుతాడు, పాపం?”