సలోమికి వినిపించని ఆరు వరుసలు

చాలా ఏళ్లుగా ఒక ఉత్తరాన్ని మోస్తున్నాను. కాగితానికి బరువెంతని? కానీ దాన్ని పట్టుకుని చర్చిలో సంఘం ముందు నిలబడిన ప్రతిసారీ నా వీపు నిటారుగా బిగుసుకుపోతుంది. చూసినవాళ్లు అది మా వంశపు దర్పం అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను.

నా తమ్ముడు దానియేలు సైనికుడు. యుద్ధంలో చనిపోయాడు. అతని చివరి ఉత్తరం, మరణవార్త వచ్చిన తర్వాత పోర్ట్ బ్లెయిర్ చేరింది. అందులో ఆరు వరుసలు సలోమి గురించి. ఆమెను పెళ్లి చేసుకుంటానని మాటిచ్చాడు. అమ్మను ఒప్పించమని నన్ను అడిగాడు. చివరన ఇలా ఉంది: "తనకి తెలుగు చదవడం రాదు అన్నయ్యా. ఇది నువ్వే చదివి వినిపించు."

సలోమిది ఊళ్లోనే జాలరులుండే జంగ్లీఘాట్ పేట. వాళ్ల నాన్న ఒకప్పుడు మా పడవల మీద కూలికి వచ్చేవాడు. నిజానికి ఆ పడవలు అప్పటికే అమ్ముడుపోయాయి. ఇల్లూ పోయి, లంబాలైన్‌లో రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. అయినా ఆ కుటుంబంతో వియ్యమంటే నాకు తల తీసేసినట్లయింది. మిగిలింది పేరొక్కటే, దాన్ని తమ్ముడు తన చావుతో నిలబెట్టాడు, ఇప్పుడు ఈ పిల్ల వచ్చి దించేస్తుందా అనుకున్నాను. తమ్ముడి చావును నేను అలా చూశాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

అమ్మకు చూపు ఆనేది కాదు. జ్ఞాపకార్థ కూటంలో ఉత్తరం నన్నే చదవమంది. చదివాను. ఆ ఆరు వరుసలు దాటేశాను. గొంతు తడబడలేదు.

కూటం అయ్యాక చర్చి మెట్ల దగ్గర సలోమి ఆపింది.

"భయ్యా, చిట్ఠీలో నా గురించి ఏం రాయలేదా?"

"లేదు."

"కొంచెం కూడా?"

ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. "నువ్వే చూసుకో."

ఆమె చదివింది హిందీ మీడియం. ఈ దీవుల్లో అలాంటి తెలుగువాళ్లు ఎందరో. తెలుగు కీర్తనలన్నీ నోటికి వస్తాయి, పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం పోల్చుకోలేరు. అది తెలిసే ఇచ్చాను. ఆమె కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కుడి బొటనవేలు సరిగ్గా తన పేరు పక్కన ఉంది.

"రైటింగ్ బాగుంది," అంది. "తెలుగులో నువ్వు అంగూఠా ఛాపే, వేలిముద్ర వెయ్యి అని నన్ను ఏడిపించేవాడు." నవ్వబోయి ఆగిపోయింది. జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చేసింది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ అదే రోజున ఆ ఉత్తరం చదువుతున్నాను. ఆమె ఇప్పుడు భర్తతో కలిసి వండూర్‌లో దుకాణం నడుపుతోంది. అయినా ఆ రోజు బస్సెక్కి వస్తుంది. ఎందుకు వస్తుంది? వినడానికి ఇంకేదో మిగిలి ఉందని ఆమె మనసుకు తెలుసా?

మొన్న కూడా దాటేశాను. అమ్మ లేదిప్పుడు. మా పడవలు గుర్తున్నవాళ్లూ లేరు. మరి ఎవరి పరువు కాపాడుతున్నాను? చెబితే ఆమె కాపురం చెడుతుందని నాకు నేను చెప్పుకుంటాను. అదీ అబద్ధమే. ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందని భయం, అంతే.

ఆమెకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను. అది కూడా, ఆమె చదవలేని ఈ అక్షరాల్లో. అంటే ఇప్పటికీ దాక్కుంటూనే ఉన్నాను.

కానీ ఇది రాయడానికి కూర్చునే ముందు తలుపు వేసుకుని ఆ ఆరు వరుసలు మొదటిసారి పైకి చదివాను. ఆమె పేరు దగ్గర గొంతు తడబడింది. ఇన్నేళ్లకు తడబడింది.