ఖాళీ కబురు

ఆఫీసులో అతన్ని సెమీకోలన్ అనేవాళ్ళు. మాట చివర కాసేపు ఆగుతాడు, ఇంకేదో చెప్పబోతున్నాడని అవతలివాళ్ళు ఎదురుచూస్తారు, తీరా ఏమీ ఉండదు. నలుగురిలో కూర్చున్నా నోట్లో నాలుక లేనివాడే. ఇంటినుంచి పని చేసుకోవచ్చని కంపెనీవాళ్ళు అన్నప్పుడు అందరికంటే ముందు కుర్చీ ఖాళీ చేసింది అతనే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అక్కడా అంతే, ఆగడమే తప్ప జవాబు లేదు.

అతని వంతు మాటలు కూడా అక్కే మాట్లాడేది. బస్‌స్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుని రోజంతా జనానికి సమాధానాలు చెప్పి, అది చాలనట్టు ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పేది. ఏ బస్సు ఎందుకు ఆలస్యమైందో, ఎవరు ఎవరిమీద కస్సుమన్నారో, అన్నం పెడుతూ ఒకసారి, గిన్నెలు కడుగుతూ ఇంకోసారి. భర్త పోయాక ఆమె తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. కింది గది ఆమెది, మేడమీద గది అతనిది. కింద ఆమె మాట్లాడుతూ ఉంటేనే పైన అతనికి పని సాగేది. ఊ కొట్టకపోతే మెట్ల దగ్గరికొచ్చి మరీ కేకేసేది.

ఒక పొద్దున ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, నాలుక తిరగదు. వినపడుతుంది, అర్థమవుతుంది, చదవగలదు, ఎడమచేతి వేళ్ళు ఆడతాయి. పొద్దునా సాయంత్రం ఒక నర్సు వచ్చి చూసుకుని వెళ్తుంది. మిగతా పగలంతా ఇంట్లో ఉలుకూ పలుకూ ఉండదు.

ఓదార్చడం అతనికి చేతకాదు, చేతనైంది ప్రోగ్రాములు రాయడం. అందుకని అక్క మంచం పక్కన ఒక టచ్ స్క్రీన్ బిగించి, దానిమీద బొత్తాల పలక ఒకటి తయారుచేశాడు. రా, నీళ్ళు, నొప్పి, ఫ్యాను, కావాలి, వద్దు. ఆమె ఏది నొక్కితే ఆ మాట మేడమీద అతని కంప్యూటరు పలకాలి. గొంతు ఇమ్మని ఎవర్ని అడగాలో తెలియక మాటలన్నీ తన గొంతుతోనే రికార్డు చేశాడు. మొదటిరోజు అన్నీ బాగానే పలికాయి. తమ్ముడి గొంతే తమ్ముణ్ణి రమ్మని పిలవడం విని అక్క వంకర పడిన మూతితోనే నవ్వింది.

ఆ తర్వాత మందుల వేళలు చెప్పే పలక, నర్సుకు కబురంపే పలక కూడా చేర్చి, మూడూ ఒకే తెరమీద పెట్టబోయాడు. అక్కడ చిక్కొచ్చింది.

అతను రాసే భాష రస్ట్. అందులో ప్రతిదానికీ ఒక రకం ఉంటుంది, రకం కలవకపోతే, రాసినదాన్ని సరిచూసే కంపైలరు ప్రోగ్రామును గడప దాటనివ్వదు. బొత్తాలు నొక్కితే పుట్టేవి పలక కబుర్లు, మూడు పలకలనూ మోసే పెద్ద తెర పుచ్చుకునేవి తెర కబుర్లు మాత్రమే. నాకు కావలసింది తెర కబురు, నువ్విచ్చింది పలక కబురు అంటూ కంపైలరు ఎర్రక్షరాలు కుమ్మరించింది. దీనికో పద్ధతుంది. తెర కబురులో ఒక అర చేసి, పలక కబురును విప్పకుండా అందులో పెట్టి పైకి పంపాలి. పైన ఆ అర తెరిచి, లోపలున్నదేదో చూసి, దాని ప్రకారం నడుచుకోవాలి.

అర చేశాడు కూడా. కానీ ఒకచోట సర్దితే ఇంకోచోట ఎరుపు తేలింది. విసుగెత్తిపోయి, పలకనుంచి ఏ కబురొచ్చినా దాన్ని ‘ఏమీలేదు’ అనే ఖాళీ కబురుగా మార్చెయ్యమని ఒక్క వరుస రాసి పారేశాడు. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాడు. ఎరుపంతా పోయింది. మీరు చేసిన అర ఎక్కడా వాడలేదని కంపైలరు పసుపు రంగులో మర్యాదగానే చెప్పింది. ఆ సణుగుడు కనపడకుండా చేసే వరుస కూడా అతనికి తెలుసు, అదీ రాసేశాడు.

కంపైలరు ఒప్పుకుందంటే ఇక తిరుగులేదని రస్ట్ రాసేవాళ్ళకు ఒక గర్వం ఉంటుంది. వేరే భాషలో ప్రోగ్రాములు రాసేవాడైతే కిందికి దిగి ఒక్క బొత్తామైనా నొక్కి చూసేవాడు. మన మహానుభావుడు దిగలేదు.

ఆనాటినుంచి మేడమీద కంప్యూటరు పలకలేదు. అక్కకు తనతో పనిలేదనుకున్నాడు. అన్నం తినిపించేటప్పుడు ఆమె మొహం తిప్పుకునేది. మాట పోయాక మనిషే మారిపోయిందనుకున్నాడు. లోపల ఉక్రోషం కూడా వచ్చింది, ఇంత చేసిపెడితే ఒక్కసారైనా పిలవదేమని. చెవి కిందికే పెట్టి పనిచేసేవాడు. వీధిలో ఎవరు ఎవర్ని రమ్మన్నా ఉలిక్కిపడేవాడు. ఇంట్లో ఇద్దరున్నా, అతనికి తానొక్కడే మిగిలిపోయినట్టుండేది.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళ కోసం చెప్పులు లేకుండా కిందికి దిగాడు. అక్క అటువైపు తిరిగి ఉంది, అతన్ని చూడలేదు. వేలితో ‘రా’ నొక్కుతోంది. బొత్తాం ఏ తప్పూ లేనట్టు లోపలికి వెళ్ళి పైకొస్తోంది. ఆమె కాసేపు ఆగి, విని, మళ్ళీ నొక్కింది. మేడమీదనుంచి ఏమీ వినపడలేదు. ఇంకోసారి నొక్కింది.

ఇన్నాళ్ళూ ఈమె పిలుస్తూనే ఉంది. పిలిచిన ప్రతిసారీ, తను రాసిన ఆ వరుస ‘ఏమీలేదు’ అని పారేస్తూనే ఉంది.

నీళ్ళ సంగతి మరిచిపోయి మేడెక్కి ఆ వరుస కొట్టేశాడు. ఎర్రక్షరాలన్నీ తిరిగొచ్చాయి. ఈసారి ఒక్కోదాన్నీ ఓపిగ్గా చదివాడు. ఏ పలకకు ఆ అర చేసి, ప్రతి కబురునూ దాని అరలోనే పెట్టి పంపాడు. ఎరుపు తగ్గుతూ తగ్గుతూ పోయింది. అప్పుడు కిందికెళ్ళి, కొత్త ప్రోగ్రాము తెరకెక్కించి, మంచం పక్కన కూర్చుని నేల చూస్తూ చెప్పాడు.

“నువ్వు పిలుస్తున్నావని నాకు తెలీదక్కా. నేను రాసిందాంట్లోనే తప్పుంది. నీ పిలుపులన్నీ నేనే పారేశాను.”

నోరున్న రోజుల్లో అయితే అక్క ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు గోడవైపు తిరిగిపోయింది.

అతను మేడెక్కి కుర్చీలో కూర్చున్నాడు. కంప్యూటరు పలకలేదు. ఇంకా ఎక్కడైనా తప్పు మిగిలిందేమోనని ఆశగా వెతికాడు. ఏమీ లేదు. ఇన్నాళ్ళూ పలకనిది ప్రోగ్రాము, ఇప్పుడు పలకనిది అక్క. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

ఎండ వాలుతుండగా పలికింది, తన గొంతే, “వద్దు” అని.

మెట్లెలా దిగాడో అతనికే తెలియదు.

“నీళ్ళు కావాలా అక్కా?”

అక్క మొహం గంటుపెట్టుకునే ఉంది. వేలు బొత్తాం మీద పడింది. వద్దంది మేడ.

“ఫ్యాను వెయ్యనా?”

వద్దు.

ఇంకేం అడగాలో తోచలేదు. అలవాటు ప్రకారం మాట చివర ఆగిపోబోయాడు. ఈసారి ఆగకుండా అడిగేశాడు.

“పోనీ, నేను పైకి వెళ్ళిపోనా?”

అడగడం పూర్తికాకముందే ఆమె వేలు బొత్తామ్మీద పడింది. పైన, ఎవరూ లేని గదిలోంచి, అతని గొంతు వద్దంది.