ఆయుధపూజ నాడు ఆగిన డిస్కు

చందనం, కర్పూరం, బొరుగుల వాసన స్కాన్ సెంటర్ హాల్లోంచి సర్వర్ గదిలోకి వస్తోంది. విరుదునగర్‌లో ఈ రోజు ఆయుధపూజ. అందరూ అక్కడున్నారు. నేనొక్కణ్ణే ఈ ఫ్యాన్ల హోరులో సుబ్బలక్ష్మక్కను తలుచుకుంటూ కూర్చున్నాను.

అక్క నా పైఅధికారి, నాకు పని నేర్పిన మనిషి. కయత్తారు పక్కన పల్లె ఆమెది. మా ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే, గడప దాటితే తమిళం. ఈ గది తలుపు మూయగానే మాత్రం ఆమె తెలుగులోకి వచ్చేసేది. మా అమ్మ పోయాక నాతో తెలుగు మాట్లాడింది ఆమె ఒక్కతే.

నేను చేరిన ఏడు, పూజకు యంత్రాలన్నిటికీ విశ్రాంతి ఇవ్వాల్సిందేనని యజమాని పట్టుబట్టాడు. అక్క వద్దన్నా వినలేదు. "ఏండ్లుగా నడిచే ముసలోణ్ణి కూర్చోబెడితే మల్లా లేస్తాడా?" అని నా దగ్గర గొణిగింది. అన్నట్టే అయింది. బొట్టు, హారతి అయ్యాక ఆన్ చేస్తే ఒక డిస్కు తిరగలేదు. ఎర్ర దీపం వెలిగింది. రోగుల పాత స్కాన్లన్నీ ఆ డిస్కుల వరుసలోనే ఉన్నాయి. కళుగుమలై నుంచి వచ్చిన ఒక అగ్గిపెట్టెల కార్మికురాలికి మర్నాడే ఆపరేషన్, ఆమె పాత స్కాన్ చూడకుండా డాక్టరు కత్తి పట్టడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"బయపడొద్దురా అబ్బయా. రెండు గంపల పత్తికి మొత్తం తూకం రాసి పెట్టుండావనుకో. ఒక గంప పోతే దాని తూకం తెలీదా?"

"తెలుస్తాది."

"ఇదీ అట్లే. తక్కిన డిస్కులు లెక్క కట్టి, పోయినదాన్ని కొత్తదాంట్లో తిరగా రాస్తాయి."

కొత్త డిస్కు పెట్టి, ఎవరినీ ముట్టనివ్వకుండా పక్కనే కూర్చుంది. నేనుండబట్టలేక అడిగాను. "ఈలోగా ఇంకొకటి పోతే అక్కా?"

"అన్నీ పోతాయి. దానికే కదరా వారం వారం ఇంకో నకలు సంచిలో వేసుకోని, దాచిపెట్టేదానికి నేను కోవిల్‌పట్టి బస్సెక్కేది. ఇంట్లో ఎంతమందుంటే ఏమి, ఇల్లే కాలితే?"

సాయంత్రానికి పచ్చ దీపం వచ్చింది. కళుగుమలై ఆమె స్కాన్ తెరిచి చూసి, అక్క ఊపిరి పీల్చుకుంది. "సరి, ఇబ్బుడు ఆ బొరుగులు తే" అంది.

పోయిన ఏడాది అక్క గుండెపోటుతో వెళ్ళిపోయింది. ఇప్పుడు కోవిల్‌పట్టి బస్సు నేనెక్కుతున్నాను. పూజకు యంత్రాలు ఆపనివ్వను, బొట్టు వాటి బయటి పెట్టెకే. పెడుతూ "తిరగండమ్మా, నిలబడొద్దు" అంటాను, ఆమె యాసలోనే. బదులు పలికేవాళ్ళు లేరు. డిస్కు పోతే ఇంకొకటి పెడతాను. గది కాలినా కోవిల్‌పట్టిలో నకలుంది. అక్క తెలుగు మాట మాత్రం ఈ ఊళ్ళో నా ఒక్కడిలోనే మిగిలింది. దాన్ని ఏ బస్సెక్కించి ఎక్కడ దాచిరావాలో నాకు తెలియడం లేదు.