రబ్బరు గొట్టం గురించి వలి మామ ప్రశ్నలు

ముందు కిర్రుచెప్పుల చప్పుడు వచ్చేది, ఎండుటాకులు తమలో తాము గొణుక్కున్నట్టు. దాని వెనకాల ఒక ప్రశ్న. ఆ తర్వాతే హజరత్ వలి మామ. తనకు తెలిసినదాన్నే ఊరంతా వినేలా అడగడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు.

గిద్దలూరులో మా పక్కిల్లే ఆయనది. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అయినా బస్సు దిగగానే, "ఇది గిద్దలూరేనా నాయనా?" అని కండక్టరును అడిగేవాడు. విందులో సగం తిన్నాక, "ఇది పప్పేనా?" అనేవాడు.

"నిఖా నాడు ఖాజీని గూడా అడిగినాడు, పెళ్లి నాకేనా అని!" ఆయన భార్య లాల్బీ అత్త తల కొట్టుకునేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మార్కాపురం ఆసుపత్రిలో నాకు హెర్నియా ఆపరేషన్ అన్నారు. తోడుగా మామ వచ్చాడు. మూత్రానికి రబ్బరు గొట్టం వేస్తారనీ, ఇక జన్మంతా దానితోనే బతకాలనీ వార్డులో ఎవరో గుసగుసలాడారు. వచ్చే నెలలో నా పెళ్లి. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. కిటికీ అవతల నల్లమల నీలంగా పిలుస్తోంది. ఆపరేషనూ వద్దు, గొట్టమూ వద్దనుకుని సంచి సర్దుకుని తలకింద పెట్టుకున్నాను.

అంతలో కొత్తగా వచ్చిన డాక్టరుగారు వార్డులో అడుగు పెట్టారు.

"డాక్టరుగారూ, ఆ గొట్టం సంగతేంది?" మామ గొంతు చివరి మంచం దాకా పోయింది.

"ఆపరేషన్ చేసేటప్పుడు మూత్రాశయం ఖాళీగా ఉండాలి. అందుకే."

"పెట్టేటప్పుడు ప్రాణం పోతాదా?"

"నడుముకు మత్తు ఇచ్చాకే పెడతాం. ఏమీ తెలియదు."

"మత్తు దిగినాక?"

"మూత్రం వస్తున్నట్టే అనిపిస్తుంది. అదే సీసాలోకి పోతుంది. గొట్టం లాగకూడదు, అంతే."

"మళ్ల తీస్తారా, ఇంటికి తీసుకపోవాల్నా?"

వార్డంతా గొల్లున నవ్వింది. నేను దుప్పటి ముసుగేసుకున్నాను.

"మామూలుగా మరునాడే తీసేస్తాం. ఒకటి రెండుసార్లు మంట ఉంటుంది. నీళ్లు బాగా తాగాలి. మూత్రం రాకపోతే వెంటనే మాతో చెప్పాలి."

"ఆఖరుది. ఆ తర్వాత పెళ్లి చేసుకోవచ్చునా?"

"ఎవరు, మీరా?"

"తెలుసుకుంటే తప్పేముంది సార్?"

"నిక్షేపంగా చేసుకోవచ్చు!"

ముసుగులోనే సంచి విప్పేశాను.

అన్నీ డాక్టరుగారు చెప్పినట్టే జరిగాయి, మంటతో సహా. గొట్టం తీస్తూ కాంపౌండరు పోలయ్య నవ్వాడు. "పోయినేడు మీ మామకూ ఇదే ఆపరేషన్. ఆయన గొట్టం తీసింది గూడా నేనే. అన్నీ తెలిసి మళ్ల ఎందుకడిగినాడబ్బా!"

ఇంటికి పోయే బస్సులో మామ పక్కన కూర్చున్నాను. "అంతమందిలో నవ్వులపాలయినావు. నువ్వే నా చెవిలో చెప్పుంటే పోయేది గదా మామా?"

"నేను చెప్తే ఓదార్చినాననుకుంటావు. డాక్టరు చెప్తే నమ్మితివి. అయినా నీ ఒక్కనికోసమే అనుకుంటివా అల్లుడా? ఆ నవ్వినోళ్లలో సగంమంది తలకాయల కింద ఉన్నియి దిండ్లు గావు, సర్దుకున్న సంచులు!"